పేటలో విగ్రహం ఉంది, పుస్తకం ఏదీ?

(అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల దళిత యువతీ యువకులు, తల్లిదండ్రులు, కార్యకర్తలు కలుసుకున్న ఒక ఆదివారం సభలో ఓ స్కూలు మాస్టారు చేసిన ప్రసంగానికి రాతరూపం.)

జై భీమ్!



నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు అనగానే మనకి మార్కులు, సీటు, ఉద్యోగం గుర్తొస్తాయి. తప్పు లేదు. తాతలు పాలేర్లుగా, నాన్నలు కూలోళ్ళుగా బతికిన ఇళ్ళలోంచి వచ్చినోళ్ళం మనం. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఆ కాగితం విలువ నాకు తెలుసు. కానీ ఇవాళ మాట్లాడదలుచుకున్నది పరీక్షలో అడగని చదువు గురించి. పన్నెండేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళ లోపు మన పిల్లలు చదివే కథలు, నవలలు, జీవిత చరిత్రలు, కవిత్వం గురించి. అవి ఎవరు రాశారు? ఎవరి గురించి రాశారు? వాటిలో మన పేట ఉందా? మన ఇల్లు ఉందా? ఉంటే ఎలా ఉంది?

ఆ వయసు గురించే ఎందుకంటున్నానంటే, మనిషికి "నేనెవర్ని" అనే ప్రశ్న పుట్టే వయసు అదే. కులం మొహం మీద తగిలేదీ అప్పుడే. ఐదో తరగతి దాకా పక్కపక్కనే కూర్చున్న పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఎవరింటికి ఎవరు వెళ్ళొచ్చో, ఎవరు గుమ్మం దగ్గరే ఆగాలో నేర్చేసుకుంటారు. ఆ పాఠం ఏ టెక్స్టుబుక్కులోనూ ఉండదు. అయినా అందరికీ వచ్చేస్తుంది. దానికి జవాబు చెప్పే పాఠం మాత్రం ఎవరూ చెప్పరు.

పేరు వచ్చింది, మరి పుస్తకం?

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తూ ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చింది. మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. మంత్రి ఇల్లు తగలబెట్టారు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు కాల్చారు. చాలా రోజులు మన ఫోన్లలో ఇంటర్నెట్ లేదు. ఆ పేరు నిలబడింది. ఇవాళ జిల్లా బోర్డు మీద ఉంది, కలెక్టరు ఆఫీసు కాగితాల మీద ఉంది.

ఆ రోజు వీధుల్లోకి వచ్చినోళ్ళలో ఎక్కువమంది కుర్రాళ్ళు. ఏ కులం పేరూ నేను ఎత్తను. వాళ్ళూ మన బళ్ళల్లో చదివిన పిల్లలే. నేను అడిగేది ఒక్కటే. ఆ కుర్రాళ్ళలో ఎంతమంది అంబేద్కర్ రాసిన ఒక్క పేజీ అయినా చదివి ఉంటారు? ఆయన ఓ కులానికి నాయకుడని వాళ్ళకి ఎవరో చెప్పారు. కాదని చెప్పే పుస్తకం వాళ్ళ చేతికి ఎప్పుడూ రాలేదు.

అది వాళ్ళ సంగతి. మరి మన సంగతి? మన ప్రతి పేటలోనూ ఆయన విగ్రహం ఉంది. చంకలో పుస్తకం ఉంది. ఏప్రిల్ 14న దండలేస్తాం, ఫ్లెక్సీలు కడతాం, డీజే పెడతాం. ఆ విగ్రహానికి కూతవేటు దూరంలో ఆయన పుస్తకం ఒక్కటి దొరుకుతుందా? జిల్లాకి పేరు సాధించుకున్నాం. ఆ పేరుగలాయన జీవితమంతా దేన్ని పట్టుకుని వదల్లేదో దాన్ని మాత్రం పిల్లల చేతికి ఇవ్వలేదు.

మన పిల్లలు లేని కథలు

నా చిన్నప్పుడు బడిలో పాత చందమామలు దొరికేవి. 1947లో మొదలైన పత్రిక అది. మంచి బొమ్మలు, మంచి కథలు. ప్రాణం పెట్టి చదివాం. వాటిలో రాజు ఉండేవాడు, మంత్రి ఉండేవాడు, షావుకారు ఉండేవాడు, పేద బ్రాహ్మణుడు ఉండేవాడు. నేను చదివిన వాటిలో పేటలో పుట్టిన పిల్లవాడు ఎక్కడా తగల్లేదు. బుడుగు చదివి పగలబడి నవ్వాం. ఇల్లేరమ్మ కథలు చదివి నవ్వాం. చదవొద్దని నేను చెప్పను, మీరూ చదవండి. కానీ బుడుగు మన ఇంట్లో పుట్టలేదు. మన ఇంట్లో పుట్టిన అల్లరి పిల్లలు కథల్లోకి ఎక్కకపోతే, మనకి అల్లరి లేదనా, బాల్యం లేదనా?

ఇది మన ఒక్కళ్ళ బాధ కాదు. అమెరికాలో నల్లవాళ్ళు కూడా ఇదే అడిగారు. రుడీన్ సిమ్స్ బిషప్ అనే నల్లజాతి ప్రొఫెసరమ్మ 1990లో ఒక వ్యాసం రాశారు. పిల్లలకి పుస్తకం అద్దంలాగా ఉండాలి, కిటికీలాగానూ ఉండాలి అన్నది దాని సారం. అద్దంలో తన మొహం కనపడాలి. కిటికీలోంచి పక్కవాళ్ళ ఇల్లు కనపడాలి. అద్దమే లేని పిల్లలకి తమ మొహం మీద తమకే నమ్మకం పోతుంది. తెల్లారి లేస్తే అద్దాలే తప్ప కిటికీ లేని పిల్లలు లోకమంతా తమదే అనుకుంటారు. ఇరవై ఏళ్ళు గడిచాక కూడా అక్కడ లెక్క తీస్తే, 2013లో వచ్చిన పిల్లల పుస్తకాలు 3,200 అయితే నల్లవాళ్ళ గురించి రాసినవి 93. నూటికి మూడు కూడా లేవు. ఆ లెక్క చూపించి అక్కడ రచయితలు పెద్ద గొడవ చేశారు, ప్రచురణకర్తల్ని నిలదీశారు.

ఇదే లెక్క మన దగ్గరా తీయొచ్చు. మీ బడి లైబ్రరీ బీరువా తెరిపించండి. ఒక్కో పుస్తకం తీసి రచయిత పేరు రాయండి. ఎస్సీలెందరు, ఎస్టీలెందరు, బీసీలెందరు, ముస్లింలెందరు, ఆడవాళ్ళెందరు? పదో తరగతి పిల్లలు నలుగురు ఒక పూట కూర్చుంటే అయిపోయే పని. ఆ కాగితం చేతికి వచ్చాక మాస్టార్లతోనూ, అధికారులతోనూ మాట్లాడ్డం సులువవుతుంది.

కోనసీమే రాసింది, కోనసీమే మరిచిపోయింది

"మనవాళ్ళు రాసినవి ఎక్కడున్నాయి మాస్టారూ?" అంటారు. ఉన్నాయి. దూరం వెళ్ళక్కర్లేదు.

మామిడికుదురు మన మండలమే కదా. బోయి భీమన్న గారు అక్కడ 1911లో పుట్టారు. ఆయన రాసిన "పాలేరు" నాటకం 1940ల నాటిది. ఒక పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద అధికారి అవుతాడు, కథ అంతే. ఇవాళ మనకి మామూలు కథ. ఆ రోజుల్లో అది నిప్పు. ఊరూరా ఆడిన ఆ నాటకం చూసి ఎందరో తల్లిదండ్రులు పిల్లల్ని పశువుల దగ్గర్నుంచి తెచ్చి బడిలో వేశారని మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అక్షరం రానోళ్ళు కూడా చూసి అర్థం చేసుకున్న పుస్తకం అది. ఆయన "గుడిసెలు కాలిపోతున్నాయి" కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2001లో పద్మభూషణ్ ఇచ్చారు. 2005లో కన్నుమూశారు. తన జీవిత కథకి ఆయన పెట్టుకున్న పేరు "పాలేరు నుంచి పద్మశ్రీ వరకు". మన పిల్లల్లో ఎంతమంది ఈ పేరు విన్నారు? చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో మీకే తెలుసు.

కాట్రేనికోన మండలం కందికుప్పలో 1939లో బొజ్జా తారకం గారు పుట్టారు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల్ని చంపినప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా ఇచ్చి వచ్చి దళిత మహాసభలో నిలబడ్డ మనిషి. ఆయన కవి కూడా. "నది పుట్టిన గొంతుక" ఆయన కవితా సంపుటి. "పోలీసులు అరెస్టు చేస్తే" అని ఆయనే ఒక చిన్న పుస్తకం రాశారు. పోలీసులొచ్చి పట్టుకుపోతే మనిషికి ఏ హక్కులుంటాయో మామూలు తెలుగులో చెప్పే పుస్తకం. ఇంటర్ చదివే ప్రతి కుర్రాడూ చదవాల్సిన పుస్తకం అది. 2016లో ఆయన వెళ్ళిపోయారు.

భీమన్న గారి కూతురు, తారకం గారి భార్య బోయి విజయభారతి గారు. అంబేద్కర్ జీవిత చరిత్రనీ, జోతిరావు ఫూలే జీవిత చరిత్రనీ తెలుగులో మనకి అందేలా రాసింది ఆవిడ. "పురాణాలు – మరోచూపు" రాసి, మన తలకెక్కించిన కథల్ని తిరగేసి చూపించారు. 2024లో ఆవిడా వెళ్ళిపోయారు. తండ్రి, కూతురు, అల్లుడు. ఒక్క కుటుంబం నుంచి నాటకం, కవిత్వం, జీవిత చరిత్ర, చట్టం, పురాణ విమర్శ అన్నీ వచ్చాయి. వాళ్ళ పుస్తకాలు ఎన్ని పేటల్లో ఉన్నాయి?

ఎదుర్లంక వంతెన దాటితే యానాం. అక్కడి నుంచి శిఖామణి గారు 1987లో "మువ్వల చేతికర్ర" తెచ్చారు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు 1921లోనే "మాకొద్దీ నల్లదొరతనం" రాశారు. దేశమంతా తెల్లదొరలు పోవాలంటుంటే, మా మీద కూర్చున్న నల్లదొరల సంగతేంటని అడిగిన మనిషి ఆయన. నూరేళ్ళు దాటిపోయింది. మన పిల్లలకి ఆయన పేరు తెలియదు. ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డ మరుపు కాదు. పుస్తకాలు ఎవరు అచ్చేస్తారో, ఎవరు కొంటారో, బడిలో ఏది పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారో, వాళ్ళ చేతుల్లో తయారైన మరుపు.

ఒక్క కథ చాలదు

భీమన్న గారి "పాలేరు" గురించి ఇంకొక మాట చెప్పాలి. గౌరవంతోనే చెబుతున్నాను. అందులో కుర్రాడు చదువుకుని పైకి వచ్చాడు. మరి పేట పైకి వచ్చిందా? ఒక్కడు అధికారి అయితే మిగతా పాలేర్ల సంగతేంటి? మన పిల్లలకి చెప్పే కథలన్నీ "కష్టపడి చదివాడు, ఆఫీసరయ్యాడు" దగ్గరే ఆగిపోతే, సీటు రాని పిల్లాడు తప్పంతా తనదే అనుకుంటాడు. పదో తరగతి తప్పిన పిల్లకి, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే కుర్రాడికి కూడా కథ కావాలి. గెలిచినోడి కథ ఒక్కటే కథ కాదు. అందుకే ఒక పుస్తకం చాలదు, పది పుస్తకాలు కావాలి. పది రకాల మనుషులు రాసినవి కావాలి.

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సిన సంగతి ఒకటుంది. కోనసీమలో మాలలం ఎక్కువమందిమి. "దళిత సాహిత్యం" అని మనం అన్నప్పుడల్లా మన ఇంటి సంగతులే చెప్పుకుంటున్నామా? మాదిగ ఇంటి బాల్యం ఎలా ఉంటుందో మనకి తెలుసా? రెల్లి పిల్లల సంగతి తెలుసా? 2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మన మధ్య మాటలు ఎంత చేదుగా మారాయో చూస్తున్నాం. ఎవరి అభిప్రాయం వాళ్ళకి ఉండొచ్చు. కానీ అవతలి ఇంటి బతుకు గురించి ఒక్క కథ కూడా చదవకుండా వాట్సాప్‌లో తిట్టుకుంటే మనం ఎవరి పని చేస్తున్నట్టు?

ఎండ్లూరి సుధాకర్ గారు నిజామాబాద్‌లో పుట్టి, రాజమండ్రిలో తెలుగు విశ్వవిద్యాలయం సాహిత్య పీఠంలో పాఠాలు చెప్పి, 2022 జనవరిలో పోయారు. ఆయన "మల్లెమొగ్గల గొడుగు" పేరుతో మాదిగ కథలు రాశారు. వేముల ఎల్లయ్య గారు "కక్క" నవల 2000లో తెచ్చారు. నల్గొండ మాదిగ వాడ భాషలో రాసిన నవల. మొదటి పది పేజీలు మన కోనసీమ పిల్లలకి కష్టంగా ఉంటుంది. అక్కడే ఆగిపోకండి. జూపాక సుభద్ర గారి "రాయక్క మాన్యం" చదవండి. వై.బి. సత్యనారాయణ గారి "మా నాయన బాలయ్య" చదవండి. రైల్వేలో చిన్న పని చేసుకుంటూ పిల్లల్ని ప్రొఫెసర్లని చేసిన తండ్రి కథ అది. మహమ్మద్ ఖదీర్‌బాబు గారి "దర్గామిట్ట కథలు" చదవండి. కావలిలో ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లాడి కథలవి. నవ్వుతారు, నవ్వుతూనే గొంతు పట్టుకుంటుంది.

పిల్లల కోసమని ప్రత్యేకంగా రాసినవీ ఉన్నాయి. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో దళిత, ముస్లిం, అట్టడుగు ఇళ్ళ బాల్యాల మీద తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో కథల పుస్తకాలు తయారుచేసింది. వాటిలో గోగు శ్యామల గారి కథలున్నాయి. ఒక కథలో గెలిచే ఆడపిల్ల పేరు తాటకి. ఆ పేరు చూడండి. పురాణంలో తాటకి రాక్షసి, రాముడు చంపేస్తాడు. ఈ కథలో తాటకి మన పిల్ల, ఆమే గెలుస్తుంది. నల్లగా ఉందనీ, గట్టిగా మాట్లాడుతుందనీ తిట్లు తినే ఆడపిల్ల ఒకసారి ఈ కథ చదివితే ఆ తిట్టు ఇంక ఆమెకి అంతగా గుచ్చుకోదు.

పద్నాలుగేళ్ళ ముక్త

"పిల్లలకేం తెలుసు, వాళ్ళేం రాస్తారు" అనేవాళ్ళకి ఒక పేరు చెబుతాను. ముక్తా సాల్వే. పుణేలో జోతిరావు, సావిత్రీబాయి ఫూలేలు పెట్టిన బడిలో చదివిన మాంగ్ కులం పిల్ల. మాంగ్‌లంటే మహారాష్ట్రలో మన మాదిగల లాంటి వాళ్ళు. మహర్లంటే మాలల లాంటి వాళ్ళు. పద్నాలుగేళ్ళ వయసులో, 1855లో, ఆ పిల్ల ఒక వ్యాసం రాసింది. జ్ఞానోదయ అనే మరాఠీ పత్రికలో అచ్చయింది. దేని గురించి? మాంగ్‌ల, మహర్ల దుఃఖం గురించి. మా ఇంటి దుఃఖం ఒక్కటే అని రాయలేదు. రెండు ఇళ్ళనీ కలిపి రాసింది. మాకు వేదం చదివే హక్కు లేకపోతే మా మతం ఏదని పండితుల్ని నిలదీసింది.

అంబేద్కర్ పుట్టడానికి 36 ఏళ్ళ ముందు సంగతి ఇది. మన చరిత్రలో మొట్టమొదటి రాతల్లో ఒకటి, తొమ్మిదో తరగతి వయసున్న ఆడపిల్ల రాసింది. ముందు వరసలో కూర్చున్న చెల్లెళ్ళూ, మీ వయసే అమ్మా ఆమెది. ఇవాళ మాలలూ మాదిగలూ విడివిడిగా సభలు పెట్టుకుంటున్న చోట పెద్దలు మాట్లాడలేని మాట ఆ పిల్ల 1855లో మాట్లాడింది.

మాసూర్ స్టేషన్లో ఏం జరిగింది

నన్ను ఒక్క పుస్తకం చెప్పమంటే అంబేద్కర్ రాసుకున్న "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" చెబుతాను. చాలా చిన్నది, ఒక పూటలో అయిపోతుంది. ఆయన మరణానంతరం 1990లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ దాన్ని పుస్తకంగా వేసింది. అమెరికాలో ఆయన చదివిన కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులకి పాఠంగా పెట్టారు.

మొదటి సంగతి 1901 నాటిది. భీమ్‌కి పదేళ్ళు ఉంటాయేమో. అన్నయ్య, అక్క కొడుకులు, తను. నాన్న దగ్గరికి వెళ్తున్నారు. కొత్త బట్టలు, బూట్లు, టోపీలు. మాసూర్ స్టేషన్లో దిగారు. నాన్న పంపిన మనిషి రాలేదు. ఉత్తరం చేరలేదన్న సంగతి తర్వాత తెలిసింది. స్టేషన్ మాస్టారు ఈ చక్కని పిల్లల్ని చూసి ముచ్చటపడి ఎవరు బాబూ మీరు అని అడిగాడు. పిల్లలు మహర్లమని చెప్పేశారు. అంతే, ఆయన మొహం మారిపోయింది. బండివాళ్ళెవరూ రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడిచి వస్తాడు. దగ్గర అన్నం ఉంది, నీళ్ళు లేవు. రాత్రంతా దాహంతో గడిపారు.

ఈ కథ మా బడిలో తొమ్మిదో తరగతి వాళ్ళకి ఒక సాయంత్రం చదివి వినిపించాను. అందరూ అయ్యో అన్నారు. వెనక బెంచీలో ఒక పిల్ల ఏమీ అనలేదు. అందరూ వెళ్ళాక వచ్చి అడిగింది. "మాస్టారండీ, ఆ స్టేషన్ మాస్టారి మొహం మారిపోయిందని రాశారు కదండీ. మా ఫ్రెండు వాళ్ళమ్మ గారి మొహం కూడా అలాగే మారిందండి. మీదే పేట అని అడిగాకండి. నేనేదో తప్పు చేశాననుకున్నానండి ఇన్నాళ్ళూ."

నూట ఇరవై ఏళ్ళ కింద జరిగిన సంగతిని చదివి, తప్పు తనది కాదని ఆ పిల్లకి తెలిసింది. నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చినా తెలియని సంగతి ఒక కథతో తెలిసింది. పక్క బెంచీలో కూర్చున్న ఇతర కులాల పిల్లలు కూడా ఆ రోజు అదే కథ విన్నారు. వాళ్ళకి అది కిటికీ. రేపు వాళ్ళ ఇంటికి ఎవరన్నా వచ్చినప్పుడు వాళ్ళమ్మ మొహం మారితే, ఆ మార్పు వాళ్ళ కంటపడుతుంది. నాకు కావలసింది అదీ. మే 24 లాంటి రోజు మళ్ళీ రాకుండా పోలీసు పికెట్ ఎంత ఆపుతుందో చెప్పలేను. ఆ వయసులో చదివిన పుస్తకం కొంతైనా ఆపుతుందని నా నమ్మకం.

మూడు అభ్యంతరాలు

తల్లిదండ్రులు అంటారు: కథలు చదివితే మార్కులు పోతాయి. నేను క్లాసులో చూస్తున్నది చెబుతాను. కథల పుస్తకం పట్టుకున్న పిల్లలకి సోషలు పాఠం చదివించక్కర్లేదు, వాళ్ళే చదువుకుంటారు. అరగంట ఆగకుండా చదవగలగడం కూడా ఒక బలమే. ఆ బలం లేక పెద్ద పరీక్షల్లో వెనకపడుతున్నది మన పిల్లలే. ఫోన్లో రీళ్ళు చూసే గంటలోంచి అరగంట అడుగుతున్నాను, లెక్కల గంటలోంచి కాదు.

తోటి మాస్టార్లు కొందరు అంటారు: ఆ పుస్తకాల్లో భాష బాగోదండీ, బూతులు ఉంటాయి. మా అమ్మ మాట్లాడేది ఆ భాషే. ఆ భాష బాగోదంటే మా అమ్మ బాగోదన్నట్టే కదా. ఏ పుస్తకం ఏ వయసుకి ఇవ్వాలో మాస్టారు చదివి చూసి నిర్ణయించాలి, అది వేరే సంగతి. అసలు చదవకుండానే బీరువాలో పెట్టి తాళం వేయడం మాత్రం ఒప్పుకోం.

మన కార్యకర్తలే కొందరు అంటారు: ఉద్యమానికి కథలూ కవిత్వమూ దేనికి? భూమి, కూలి, కేసులు చూడాలి గానీ. 1985 కారంచేడు తర్వాత, 1991 ఆగస్టు 6న చుండూరు తర్వాత, మన కుర్రాళ్ళు కోర్టుల చుట్టూ తిరుగుతూనే కవిత్వం రాశారు. 1995లో "చిక్కనవుతున్న పాట" సంకలనం వచ్చింది. నా తరం వాళ్ళం చాలామంది ఆ కవిత్వం చదివే ఉద్యమంలోకి వచ్చాం. కేసు పెట్టడం ఎలాగో పెద్దలు నేర్పారు. తల ఎందుకు వంచకూడదో ఆ పుస్తకాలు నేర్పాయి. ఇవాళ మన సభలకి కుర్రాళ్ళు రావడం లేదని బాధపడుతున్నాం. వాళ్ళకి చదవడానికి ఏమిచ్చాం మనం?

ఇంకా ఎవరూ రాయని కోనసీమ

చదవడంతో సరిపోదు. మన పిల్లల కథలు చాలా ఇంకా ఎవరూ రాయలేదు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, పి.గన్నవరం వైపు ఎన్ని ఇళ్ళల్లో అమ్మ కువైట్‌లోనో ఖతార్‌లోనో ఉంది? అమ్మ ఎవరి పిల్లల్నో పెంచుతుంటే, ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల మనసులో ఏముందో ఎవరు రాయాలి? ఆ పిల్లే రాయాలి. కొబ్బరి చెట్టెక్కిన నాన్న కిందికి దిగేదాకా అమ్మ పడే భయం ఎవరు రాయాలి? 1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకి పైగా మండిన మంట గురించి మీ తాతని అడిగారా? 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపు పేలి మనుషులు నిద్రలోనే కాలిపోయారు. ఆ వేకువ ఎలా తెల్లారిందో చూసినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు. పేపర్లో వచ్చింది, ఆగిపోయింది. మనం రాస్తే నిలుస్తుంది. బయటి నుంచి వచ్చినోళ్ళు కోనసీమ అంటే కొబ్బరాకులు, గోదారి, ప్రభల తీర్థం అని రాస్తారు. చెట్ల కింద మనుషులున్నారని రాయాల్సింది మనం.

ఏం చేద్దాం?

వచ్చే నెలలోగా మొదలుపెట్టగలిగినవే చెబుతాను.

ఒకటి. ప్రతి పేటలో ఆదివారం సాయంత్రం ఒక గంట చదువు. కమ్యూనిటీ హాలైనా సరే, చర్చి అరుగైనా సరే, విగ్రహం దగ్గర గట్టయినా సరే. ఒకళ్ళు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. అక్షరం రాని అమ్మమ్మలు కూడా కూర్చోవాలి. కథ అయ్యాక పిల్లలు మాట్లాడాలి, పెద్దలు వినాలి. మనం ఉపన్యాసం మొదలుపెడితే పిల్లలు రెండో వారం రారు.

రెండు. జయంతి ఖర్చులో పదోవంతు పుస్తకాలకి. ఒక ఫ్లెక్సీ తగ్గిద్దాం. ఫ్లెక్సీ వానకి చిరిగిపోతుంది, పుస్తకం పది చేతులు మారుతుంది. పెట్టె తాళంచెవి ఒక ఆడపిల్ల దగ్గర ఉండాలి. ఎవరు తీసుకెళ్ళారో నోటుబుక్కులో ఆమే రాయాలి. ఆడపిల్లలు సాయంత్రం బయటికి రాలేని ఇళ్ళకి పుస్తకమే నడిచి వెళ్ళాలి.

మూడు. మనకి హక్కుగా రావాల్సింది అడుగుదాం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో పేపర్లు, పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలని స్పష్టంగా ఉంది. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. మన పేటల వాళ్ళం కట్టే పన్నులోనూ అది ఉంది. మన డబ్బుతో కొనే పుస్తకాల్లో మన రచయితలు ఎందరు? జాబితా పట్టుకుని శాఖా గ్రంథాలయానికి వెళ్దాం. ఇవిగో ఈ పుస్తకాలు తెప్పించండని రాతపూర్వకంగా ఇద్దాం, అందినట్టు సంతకం తీసుకుందాం.

నాలుగు. మన దగ్గరకి మాల, మాదిగ, రెల్లి పిల్లలందరూ రావాలి. మత్స్యకార పిల్లలు, బీసీ పిల్లలు, ముస్లిం పిల్లలు, ఎవరొచ్చినా చాప వేయాలి. మనల్ని గుమ్మం దగ్గర ఆపారు కదా అని మనం ఎవర్నీ ఆపొద్దు.

ఐదు. ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. వారానికి ఒక పేజీ. తాత చెప్పింది, అమ్మ ఫోన్లో చెప్పింది, బడిలో జరిగింది. అచ్చుతప్పులు నేను దిద్దుతాను, భాష దిద్దను. బాగున్నవి ఈ పత్రికకే పంపుదాం.

అంబేద్కర్ చదివిన పుస్తకాలకి లెక్క లేదు. వాటి కోసం ముంబైలో రాజగృహ అని ఇల్లే కట్టుకున్నారు. ఆయన పేరు పెట్టుకున్న జిల్లా మనది. ఈ జిల్లాలో పేటకొక పుస్తకాల పెట్టె లేకపోతే అది మనకి తగదు. ఈ వారం మొదటి పుస్తకం చదవబోయే పేట ఏదో ఇక్కడే, ఇప్పుడే చెప్పండి. నేను వస్తాను.

జై భీమ్! జై సావిత్రీబాయి!